బ్రైటన్ తీరమున ఆటవిడుపు

సెలవు దొరకుట వేరు. సెలవును గడుపుట వేరు. మొదటిది ప్రభుత్వోత్తరువు వలన లభించును. రెండవది మనుష్యుడు స్వయముగా అలవరచుకొనవలసిన విద్య. బడిలో లెక్కలు నేర్పుదురు, వ్యాకరణము నేర్పుదురు. విరామమును వినియోగించుకొను తీరు మాత్రము ఏ తరగతిలోను పాఠ్యాంశము కాదు. అందుచేతనే కాబోలు, సెలవులు ముగిసిన పిమ్మట “ఏమి చూచితివి?” అని ప్రశ్నించినచో, చూచిన చోట్ల పేర్లు చెప్పువారు పలువురుందురు గాని, చూచినదానిని చెప్పువారు కొలదిమందియే యుందురు.

ఈ విద్యకు ఉదాహరణముగా గ్రహింపదగిన ఊరొకటి ఇంగ్లండు దక్షిణతీరమున కలదు. దాని పేరు బ్రైటన్. లండనుకు సుమారు ఏబది మైళ్ళ దూరము. రైలులో గంట ప్రయాణము. లండనులో చదువుకొను మన తెలుగు విద్యార్థులకును ఒకరోజు విహారమునకు అది చేరువైన తీరమే. అచటికి పోవువారి దినచర్య సాధారణముగా ఒకే విధముగా నుండును. రైలు దిగుట, ఏటవాలు వీథివెంట సముద్రమునకు నడచుట, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన పియరుపై తిరుగుట, వేడివేడి చేప వేపుడును బంగాళాదుంప ముక్కలను తినుట, నాలుగు ఛాయాచిత్రములు తీసికొనుట, సాయంకాలపు రైలు నందుకొనుట. ఇందులో తప్పు పట్టవలసినది ఏమియు లేదు. కాని ఇంతమాత్రముతో తిరిగి వచ్చినవాడు బ్రైటన్‌ను చూచినవాడు కాడు. బ్రైటన్‌లో తాను నిలుచుండుటను మాత్రమే చూచుకొన్నవాడు.

పర్వదినమున సముద్రస్నానము చేయుట మన దేశమున పురాతనాచారము. కార్తికమాసమందును, మాఘమాసమందును తీరగ్రామములకు బండ్లు కట్టుకొని పోయినవారి సంతతియే మనము. ఇంగ్లీషువారికి సముద్రము పుణ్యతీర్థము కాలేదు, ఔషధమైనది. లూయిస్ పట్టణమున వైద్యము చేయుచుండిన రిచర్డు రస్సెల్ అను నాతడు సముద్రజలము గ్రంథివ్యాధులకు మందని 1750లో లాటిను భాషయందొక గ్రంథము ప్రకటించెను. ఆ జలమున మునుగుటయే కాదు, దానిని త్రాగవలెననియు ఆతడు విధించెను! బ్రైటన్ అప్పటికి చేపలు పట్టువారు నివసించు బీదపల్లె. రస్సెల్ అచటనే ఇల్లు కట్టించుకొని రోగులను రప్పింపసాగెను. చక్రములుగల చెక్కగదులను గుఱ్ఱములు నీటిలోనికి లాగుకొనిపోవుచుండెను. లోపల దుస్తులు మార్చుకొనిన ధనికులను పట్టి, అలలలో ముంచి లేపుటకు కూలికి మనుష్యులుండిరి. వారిలో మార్తా గన్ అను స్త్రీ మిక్కిలి ప్రసిద్ధురాలు. ఆమె సమాధి నేటికిని అచటి సెయింట్ నికొలస్ దేవాలయ ప్రాంగణమున కలదు. మందుగా మొదలైన స్నానము క్రమక్రమముగా వినోదమైనది. నేడు సముద్రజలమును త్రాగువారు లేరు. మునుగువారు మాత్రము వేసవినాడు వేలసంఖ్యలో నుందురు.

వినోదము పుట్టినంతనే అది అందరిదియు కాలేదు. గుఱ్ఱపు బండ్లపై లండను నుండి అయిదారు గంటలు ప్రయాణము చేయగల స్తోమతు కూలివానికి లేదు. 1841లో రైలుమార్గము పూర్తియైనది. అటుపిమ్మట తక్కువ ఛార్జీల విహారపు బండ్లు నడచినవి. పనివాండ్రు, గుమాస్తాలు, చేతిపనులవారు పిల్లాపాపలతో తీరమునకు దిగిరి. దిగిన జనమును చూచి విక్టోరియా రాణి ఆ ఊరిని విడిచిపెట్టినది. తాను వీథిలోనికి వచ్చినంతనే ప్రజలు గుమికూడుట ఆమెకు రుచింపలేదు. 1845 తరువాత ఆమె అచటి రాజసౌధమున బస చేయలేదు. రైలు వచ్చెను, రాణి పోయెను. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు చరిత్రలో కొంత భాగము ఈ రెండు వాక్యములలో ఇమిడియున్నది.

రైలుండిన చాలదు, రైలెక్కుటకు తీరిక వలయును. సర్ జాన్ లబ్బక్ అను పార్లమెంటు సభ్యుని ప్రయత్నముచే 1871లో బ్యాంకు సెలవుల చట్టము వచ్చినది. ఆతడు బ్యాంకు యజమాని. డార్విను పొరుగువాడు, ప్రకృతిశాస్త్రజ్ఞుడు. ఆగస్టు మాసపు మొదటి సోమవారము మొదలైన సెలవుదినములు ఆ చట్టమువలన ఏర్పడినవి. జనులు హాస్యమునకును, కృతజ్ఞతకును వానిని “సెయింట్ లబ్బక్ దినములు” అని పిలిచిరి. జీతముతో కూడిన సెలవుల చట్టము రావలెనన్న 1938వ సంవత్సరమువరకు వేచియుండవలసి వచ్చినది. సముద్రతీరమున కాళ్ళు చాచి కూర్చుండిన ఒక కార్మికుని వెనుక ఇన్ని యేండ్ల వాదోపవాదములు, ఇన్ని శాసనములు కలవు. విశ్రాంతి సోమరితనము కాదు. అది సంపాదించుకొనబడిన హక్కు. ఉపాధ్యాయుల సెలవులను చూచి ఈర్ష్యపడువారు ఈ చరిత్రను ఒకసారి చదువవలెను.

ఇక అచట చేయవలసినదేమి? మొదట, ఏమియు చేయకుండుట. బ్రైటన్ తీరమున మన మైపాడునందువలె ఇసుక లేదు. ఉన్నవన్నియు నున్ననైన గులకరాళ్ళు. వానిపై కూర్చుండి, అల వెనుకకు మరలునపుడు రాళ్ళు దొర్లు ధ్వనిని వినవలెను. పిమ్మట ఒక రాతిని చేతిలోనికి తీసికొని అది గుండ్రముగా ఏల నున్నదో ఆలోచింపవలెను. అది చెకుముకిరాయి. తీరపు సుద్దకొండలలో పొరలుపొరలుగా పుట్టినది. కొండ కరగగా వెలువడినది. వేలయేండ్లు అలలలో ఒరసికొని నునుపెక్కినది. తీరమునుండి నీటిలోనికి కట్టిన అడ్డుగోడలకు పడమటి ప్రక్క రాళ్ళు ఎత్తుగా పేరుకొనియుండుటయు, తూర్పుప్రక్క తగ్గియుండుటయు గమనించిన విద్యార్థికి, గాలియు అలలును రాళ్ళను పడమటినుండి తూర్పునకు నడిపించుకొనిపోవుచున్నవని పుస్తకము లేకయే తెలియును. భూగోళశాస్త్రమున దీనిని మించిన పాఠములేదు.

స్నానము చేయదలచినవారు ఎఱుపు, పసుపురంగుల జెండాలు నాటిన మేరలోనే, రక్షకభటులున్న వేళయందే దిగవలెను. ఆ తీరము తటాలున లోతగును. వేసవిలోను నీరు మన సముద్రమువలె వెచ్చగా నుండదు. చలినీటిలో ఒక్కసారిగా దుముకుట బలవంతునకును అపాయకరము.

రెండవది, చిన్నరైలు ఎక్కుట. 1883లో మేగ్నస్ వోల్క్ అను బ్రైటన్ వాసి సముద్రపుటొడ్డున విద్యుచ్ఛక్తితో నడచు రైలును వేసెను. వసంతమునుండి శరత్తువరకు అది నేటికిని నడచుచున్నది. నడుపబడుచున్న విద్యుద్రైళ్ళలో ప్రపంచమున అదియే ప్రాచీనము. మార్గము మైలుమాత్రమే. అంతటితో తృప్తిపడక వోల్క్ మరియొక సాహసము చేసెను. సముద్రములోనే పట్టాలు పరచి, ఇరువదిమూడడుగుల ఎత్తుగల ఇనుప కాళ్ళపై ఒక బండిని నిలిపి, రాటింగ్‌డీన్ గ్రామమువరకు నడపెను. 1896 నవంబరులో ప్రారంభమైన కొలదిదినములకే తుపాను దానిని కూలద్రోసెను. ఆతడు తిరిగి నిర్మించెను. పోటువేళ అది నత్తనడక నడచెడిది, 1901లో ఆగిపోయెను. ఒకే మనుష్యుని రెండు ప్రయత్నములలో ఒకటి శతాబ్దము దాటియు నిలిచెను, ఇంకొకటి అయిదేండ్లు నిలువలేదు. పరీక్షాఫలితములకు వణకు విద్యార్థులకు ఈ కథ చెప్పదగినది.

మూడవది, రెండు పియరులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట. 1899లో తెఱవబడిన ప్యాలెస్ పియరు దీపములతోను, రంగులరాట్నములతోను కళకళలాడుచుండును. దానికి పడమట, 1866లో యుజీనియస్ బర్చ్ నిర్మించిన వెస్ట్ పియరు అస్థిపంజరమువలె నీటిలో నిలిచియున్నది. 1975లో అది మూతపడినది. 2002 చివర కొంత కూలినది. 2003లో రెండుమార్లు అగ్నికి ఆహుతియైనది. శీతకాలపు సంధ్యవేళ గోరువంక జాతి పక్షులు వేలకొలదిగా ఆ ప్రాంతపుటాకాశమున మేఘమువలె కూడుచు, విడిపోవుచు, మరల కూడుచు, చీకటి పడునప్పటికి పియరుల ఇనుపకడ్డీల నడుమకు దిగును. ఈ దృశ్యమునకు రుసుము లేదు. వేసవిలో మాత్రమే విహారమునకు పోవలెనను నియమమును పెట్టుకొన్నవారికి ఇది లభింపదు.

ఇట్లు తీరమును చూచినవారు ఊరిలోనికి మరలిన, భారతీయుని చూపు అకస్మాత్తుగా నిలిచిపోవు కట్టడమొకటి కనబడును. ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటములు, సన్నని మినారులు, జాలీ కిటికీలు! ఢిల్లీనుండి యెవరో పెకలించి తెచ్చిరా యన్నట్లుండును. అదియే రాయల్ పెవిలియన్. తరువాత నాల్గవ జార్జి రాజైన యువరాజు కొఱకు జాన్ నాష్ అను వాస్తుశిల్పి 1815 మొదలు 1822 వరకు దానికి ఈ రూపము కల్పించెను. వెలుపల హిందూదేశపు పోకడ, లోపల చీనాదేశపు అలంకరణము. కట్టినవారు ఆ రెండు దేశములలో దేనిని చూచినవారును కారు. విక్టోరియా విడిచిన పిమ్మట, కూల్చివేతకు గురికాబోవు ఆ భవనమును 1850లో పట్టణప్రజలు కొనిరి. రాజు విలాసమునకు కట్టబడిన మందిరము పౌరుల సొత్తైనది. టిక్కెట్టు కొని లోనికి పోవువారు ఈ సంగతిని గుర్తుంచుకొనిన, బంగారు డ్రాగనులకన్న ఇదియే గొప్పవింతగా తోచును.

ఆ భవనమునకు కొలది దూరమున ఒక భారతీయుడు వ్యాపారము నడపెను. ఆతని పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాయందు జన్మించెను. 1794లో ఐర్లండునందు ఆతడు ప్రకటించిన యాత్రాగ్రంథము భారతీయుడు ఆంగ్లమున వ్రాసి ముద్రింపించిన పుస్తకములలో మొదటిది. 1810లో లండనున హిందుస్తానీ వంటకముల భోజనశాల పెట్టి నష్టపడెను. పిమ్మట బ్రైటన్ చేరి, ఆవిరిస్నానములతోను, ఒడలుపట్టుటతోను ఖ్యాతిగాంచి, నాల్గవ జార్జికిని, నాల్గవ విలియమునకును ఆ పనియందు ఆస్థాన నియామకము పొందెను. పిసుకుట, ఒత్తుట అను నర్థమిచ్చు హిందీ మాటయే “షాంపూ” అయి ఆంగ్లమున స్థిరపడినది. 1851లో మరణించిన ఆతని సమాధియు, మార్తా గన్ సమాధివలెనే, సెయింట్ నికొలస్ ప్రాంగణముననే యున్నది. రోగులను చన్నీట ముంచిన స్త్రీయు, వేడి ఆవిరిలో కూర్చుండబెట్టిన పురుషుడును ఒకే నేలలో విశ్రమించుచున్నారు.

అయితే బ్రైటన్‌కు పోయిన భారతీయుడు తప్పక చూడవలసినది ఊరి నడుమ లేదు. ఊరివెలుపలి కొండపై నున్నది. 1914లో మొదటి ప్రపంచయుద్ధమునకు ఫ్రాన్సునకు తరలింపబడిన భారతసైనికులు గాయపడి వేలాదిగా బ్రైటన్ చేరిరి. ఆ సంవత్సరము డిసెంబరునుండి పెవిలియన్ సైనికవైద్యశాలయైనది. సంగీతసభలు జరిగిన గదులలో మంచములు వరుసలు తీరినవి. వేర్వేరు మతములకును, కులములకును వేర్వేరుగా తొమ్మిది వంటశాలలు ఏర్పాటుచేసిరి. హిందువులకును, ముసల్మానులకును నీటికుళాయిలు వేరు. ఇదంతయు దయయే. కాని దయతోపాటు ప్రచారమును కలదు. రాజభవనమున పరుండిన సిపాయిల చిత్రములు ముద్రింపబడి, సామ్రాజ్యము తన సైనికుని ఎంత ఆదరించుచున్నదో చాటుటకు వినియోగింపబడినవి. అదే ఊరిలోని కిచెనరు వైద్యశాలయందు మాత్రము రోగులు స్వేచ్ఛగా పట్టణమున తిరుగుటకు వీలులేకుండెను. వారు ఇంటికి వ్రాసికొన్న ఉత్తరములను సెన్సారు అధికారులు చదివెడివారు. ఆదరణము, అనుమానము ఒకే కప్పుక్రింద ఇమిడియుండినవి.

మరణించినవారిలో ముసల్మానులను వోకింగ్ మసీదు సమీపమున ఖననము చేసిరి. హిందువులను, సిక్కులను ఏబదిమువ్వురిని పాచమ్ గ్రామముపైని పచ్చికకొండమీద దహనముచేసి, భస్మమును సముద్రమున కలిపిరి. ఆ స్థలమున ఎనిమిది స్తంభములపై తెల్లని పాలరాతి గుమ్మటముతో ఛత్రి యొకటి నిర్మింపబడి, 1921 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైనది. దహనవేదికలున్న తావులను కప్పుచు మూడు రాతిపలకలు కలవు. వాహనములు అచటికి పోవు; కాలిబాటన నడువవలెను. ఛత్రియందు వ్యక్తుల పేర్లు చెక్కలేదు. ఆ ఏబదిమువ్వురి పేర్లుగల శిలను కామన్వెల్తు సమరసమాధుల సంఘమువారు ప్రక్కన నిలిపినది 2010లో, అనగా మరణములు సంభవించిన సుమారు తొంబదియైదేండ్లకు.

“సెలవునాడు సంతోషింపక, శ్మశానమునకు పోవుమనుట ఏమి న్యాయము?” అని కొందరు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. సెలవును శోకదినముగా మార్చుమని ఎవరును కోరరు. కాని పెవిలియను గుమ్మటములను చూచి “మన దేశపుదే!” అని గర్వపడుటకు వెనుదీయని వాడు, మన దేశపు మనుష్యులు బూడిదయైన కొండకు ఒక గంట కేటాయింపలేడా? గుమ్మటము అనుకరణము, కొండపైని బూడిద నిజము. అనుకరణమును చూచి నిజమును విడుచుట మర్యాద కాదు. మృతులు పంజాబీలు, గూర్ఖాలు మొదలగు ఉత్తరదేశీయులు గదా, మనకేల యనువారికి ఇచ్చు సమాధానము ఒకటే: అపరిచితుల దేశమున, తమది కాని యుద్ధమున గతించినవానికి మొదట గుర్తుకువచ్చునది ఏ ప్రాంతపువాడని కాదు, ఇంటికి మరలలేదని. పైగా ఆ కొండపై దుఃఖమొక్కటే లేదు. క్రింద ఊరు, దానికావల సముద్రము, చుట్టును గొఱ్ఱెలు మేయు పచ్చిక, స్వచ్ఛమైన గాలి. సంతోషించుటకును అంతకన్న మంచిచోటు ఆ ప్రాంతమున అరుదు.

కొండలనగానే చెప్పవలసినది మరియు కలదు. బ్రైటన్ వెనుకనున్న సౌత్ డౌన్స్ అను సుద్దకొండల వరుస 2010 నుండి జాతీయోద్యానముగా రక్షింపబడుచున్నది. తూర్పుగా బస్సులో పోయిన, సెవెన్ సిస్టర్స్ అను తెల్లని శిఖరపంక్తియు, అయిదువందల ముప్పది యడుగులకు పైబడిన బీచీ హెడ్ కొండచరియయు కనబడును. ఎనిమిది కోట్ల సంవత్సరములకు పూర్వము వెచ్చని సముద్రమున బ్రతికిన కంటికానరాని జీవుల గుల్లలు అడుగున పేరుకొని గట్టిపడగా ఏర్పడిన సుద్ద యది. నల్లబల్లపై అక్షరములు దిద్దించు పంతులుగారికి సుద్ద యనిన పేరు కొత్తది కాదు. ఆ సుద్ద యొక కొండగా లేచి సముద్రమునెదుట నిలువబడిన దృశ్యము మాత్రము మరపురానిది. అంచునకు దగ్గరగా పోరాదు. చెప్పాపెట్టకుండ విరిగిపడుట ఆ చరియల స్వభావము.

సమీపమునందే లూయిస్ పట్టణము. థామస్ పెయిన్ 1768 మొదలు 1774 వరకు అచట ఎక్సైజు ఉద్యోగిగా నుండెను. అమెరికా స్వాతంత్ర్యమునకు కలముతో పోరాడుటకు ముందు ఆతడు వ్రాసిన తొలి కరపత్రము, ఎక్సైజు ఉద్యోగులకు జీతములు చాలవను మహజరు! రాడ్మెల్ గ్రామమున, సింహళమున ఉద్యోగము చేసి వచ్చిన లెనార్డ్ వుల్ఫును, ఆతని భార్య, నవలారచయిత్రి వర్జీనియాయు 1919లో కొనిన చిన్న ఇల్లును, తోటయు నేటికిని చూడవచ్చును.

ఇన్నియు ఒక్కదినమున చూడవలెనని ఎవరైన పట్టుబట్టిన, వారు ఈ వ్యాసోద్దేశమును గ్రహింపనివారే. ఉపాధ్యాయులలో ఒక దురలవాటు కలదు: విహారయాత్రకు పిల్లలను తీసికొనిపోయి, తిరిగి వచ్చిన మరునాడే వ్యాసము వ్రాయుమనుట. ఆ వ్యాసభయముతో బాలుడు సముద్రమును చూడడు. కొలతలను, తేదీలను గుర్తులు వ్రాసికొనును. ఒక గులకరాయి గుండ్రముగా ఏల నున్నదని అడిగి, జవాబు చెప్పక ఊరకుండిన మేలు. రెండునాళ్ళకో, రెండేండ్లకో వాడే కనుగొనును.

బ్రైటన్‌కు జీవితమున ఎన్నడును పోలేనివారే మన పాఠశాలలలో అధికసంఖ్యాకులు. వారికిది నిరాశ కలిగింపనక్కరలేదు. భీమునిపట్టణమునను, మచిలీపట్టణమునను పరదేశీయులు తమ సమాధులను విడిచిపోయినారు. ఆ రాళ్ళపై పేర్లును, తేదీలును కలవు. ఇంటికి మరలలేనివారు అచటను కలరు. రాబోవు సెలవులలో సముద్రమునకు పోవు పిల్లలు స్నానమాడిన పిమ్మట, తడితలలు తుడుచుకొని, ఒక్క సమాధిముందు నిలిచి పేరు చదివిన చాలును. మిగిలిన ప్రొద్దంతయు ఆటకే.